కొడుకిల్లు ఎవరిల్లు?

"ఇది మా ఇల్లే, రండి నాయనా!" అని ఆ రోజు అత్తగారు ఓక్‌బున్ పోలీసులతో అన్న ఒక్క మాట, ఈ రోజు చాంగ్‌వన్ నగర కోర్టులో ఆమె కొడుకు కాంగ్‌వూ మెడకు చుట్టుకుంది!

బల్లమీద కూర్చున్న అతని భార్య సోల్బి, సాక్షి బోనులో ఉన్న అత్తగారి మీంచి చూపు తిప్పడం లేదు. పెళ్లయి ఏడు నెలలే... ఒకే గొడుగులో ఇద్దరూ సగం సగం తడుస్తూ నడిచే ముచ్చటైనా ఇంకా తీరలేదు. ఇంతలోనే భర్త మీద, సమ్మెలో ఫ్యాక్టరీ యంత్రాలు పాడుచేశాడన్న నేరం! దొరికిన సాక్ష్యమల్లా వాళ్ల ఫ్లాట్‌లోని నోట్‌బుక్. మరమ్మతు కోసం అతను గీసుకున్న యంత్రాల బొమ్మలే అందులో ఉన్నాయంటే నమ్మేదెవరు? పోలీసులు వారంటు లేకుండా వచ్చిన వేళ, కిమ్చీ పచ్చడి డబ్బాతో గుమ్మంలో ఉన్న అత్తగారే తాళం నంబరు నొక్కి లోపలికి పిలిచి, బార్లీ టీ కూడా పోసింది!

"ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఒప్పుకుంటేనే సోదా చెల్లుతుంది" అన్నాడు కాంగ్‌వూ లాయరు.

ప్రాసిక్యూటరు చిరునవ్వుతో బోను వైపు తిరిగాడు. "అమ్మగారూ, తాళం నంబరు మీకు తెలుసు. ఫ్రిజ్ సర్దేది మీరు. మరి అది మీ ఇల్లు కాదా?"

ఓక్‌బున్ కొడుకు వైపు చూసింది. 'కోడలు తాళం నా చేతిలోనే పెట్టింది' అని చేపల సంతంతా చాటుకున్న మనిషి! అవుననేస్తుందేమో... అంటే జైలే!

"గొప్పకి చెప్పుకున్నానయ్యా... అక్కడ నాకు దిండు కూడా లేదు. ఒక్క రాత్రీ పడుకోలేదు. నేను ఆ ఇంటి మనిషిని కాదు... చుట్టాన్ని."

"మరి పోలీసులతో అలా ఎందుకన్నారు?"

"కొడుకిల్లు పరాయిదని ఏ తల్లి ఒప్పుకుంటుంది బాబూ? మీ అమ్మనడుగు!"

కోర్టంతా గొల్లున నవ్వింది. ఓక్‌బున్ మాత్రం ఒట్టి చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

రెండు వారాలకు తీర్పు వచ్చింది. సోదా చెల్లదు, నోట్‌బుక్ సాక్ష్యం కాదు, కాంగ్‌వూ నిర్దోషి!

ఆ శనివారం బెల్ మోగింది. సోల్బి పరుగున వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా అత్తగారు!

"నంబరు మార్చలేదత్తయ్యా... బెల్ దేనికి?"

"ప్రమాణం చేసి చుట్టాన్నన్నాను కదే పిచ్చిదానా. రేపు మళ్లీ ఎవడైనా వచ్చి అడిగితే?"

"అయితే ఈ రాత్రికి ఉండిపోండి. చుట్టాలైతే ఉండొచ్చట, లాయరునడిగాను!"

ఓక్‌బున్ నవ్వబోయి ఏడ్చేసింది. చెప్పులు విడిచింది కానీ, గడప అవతలే ఆగిపోయింది.

"లోపలికి రావచ్చా, అమ్మాయీ?"

సోల్బి రెండు చేతులూ చాచి ఆమెను లోపలికి లాక్కుంది.