మేస్త్రికి కారు నేర్పిన రోజులు

ఆ తెల్ల కారు ఇప్పుడు జయపాల్ దగ్గర లేదు. అమ్మేసి చాలా కాలమే అయింది. అయినా గద్వాలలో వానాకాలం సాయంత్రం మబ్బు పట్టి గాలి చల్లబడిందంటే చాలు, వెనక సీట్లోంచి ఒక గట్టి “మ్యావ్” వినబడినట్టే ఉంటుంది అతనికి. దాని వెంట ఒక అమ్మాయి నవ్వు కూడా.

మొదటిసారి చూసిన రోజున మాత్రం ఆ అమ్మాయి నవ్వలేదు. తిట్టింది.

అమ్రాబాద్ కిరాయి ఉందంటే ఆ రోజు పొద్దున్నే బండి కడిగి, అద్దానికి వేలాడే సిలువను తుడిచి, చెప్పిన సందులోకి పోనిచ్చాడు జయపాల్. పాన్‌గల్ పిల్లాడు. గద్వాలకు వచ్చి కిరాయి కారు నడుపుకుంటున్నాడు. ఒక చిన్న ఇంటి ముందు మూటలు, ట్రంకుపెట్టె, గిన్నెలు, వాటి పక్కన మూతి బిగించి కట్టిన గోనె సంచి ఉన్నాయి. ఆ సంచి తనంతట తాను కదులుతోంది.

“అందుల ఏమున్నది పెద్దమ్మా?”

“మేస్త్రి,” అంది ఇంటామె సారమ్మ.

జయపాల్ గబుక్కున వెనక్కి జరిగాడు.

“పిల్లి అన్నా,” అంది ఆమె కూతురు అఖిల, మూట ఎత్తుతూ. “మా నాయన పెట్టిన పేరు. ఒక్క పని జెయ్యడు, అందరి మీద కండ్లుంచుతడు అని.”

ఆమె నాయన యేసయ్య బతుకంతా మేస్త్రుల కిందనే గడిచింది. ఊళ్ళలో కూలీలను కూడగట్టి బొంబాయి పనులకు తోలుకుపోయే మేస్త్రులు. ఆ కసి తీరేలా తన పిల్లికి ఆ పేరు పెట్టుకుని, జీవితాంతం దానికి కూడా సేవ చేసి, నిరుడు కన్నుమూశాడు.

“పిల్లి ఎదురొస్తేనే మా నాయన బండాపి, దిగి, చెంబెడు నీళ్ళు తాగి పోతుండె,” అన్నాడు జయపాల్. “మీరేమో బండి లోపలనే కూసోబెడ్తరా?”

“లోపలుంటే ఎదురెట్లొస్తది?” అంది అఖిల.

జయపాల్ డిక్కీ తెరిచాడు. ఇంతలో సారమ్మ గోనె సంచిని రెండు చేతులా ఎత్తి, గాలిలో గిరగిరా తిప్పింది. లోపలి నుంచి ఒక దీర్ఘమైన ఆర్తనాదం.

“దారి మర్సిపోవాలె బిడ్డా. లేకుంటే అమ్రాబాద్ నుంచి మల్ల గద్వాలకే నడుసుకుంట వస్తడు.”

పిల్లి వద్దనుకున్నవాళ్ళు దాన్ని ఊరవతల వదిలేటప్పుడు చేసే పని అది. సారమ్మ మాత్రం ప్రేమతోనే చేసింది. ఆ తేడా మేస్త్రికి తెలియలేదు.

ఎర్రవల్లి చౌరస్తా వచ్చేదాకా సంచి ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు వినలేక జయపాల్ పాట పెద్దగా పెట్టాడు. ఎదురుగా లారీ అడ్డం వస్తే హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. మరుక్షణం సంచి చిరిగింది, మేస్త్రి బయటపడ్డాడు, సీటు తడిసింది, జయపాల్ మెడ మీద నాలుగు గోళ్ళు దిగాయి.

“పాట బంద్ జెయ్! గా హారన్ ఏంది? పెండ్లి ఊరేగింపు అనుకుంటివా?” అని అరిచింది అఖిల.

“నా మెడ కోసిండు నీ పిల్లి! నన్నే తిడ్తవేంది?”

బండి వెనక్కి తిరిగింది. ఇంటి ముందు దిగగానే పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, సారమ్మ గడపలో కూలబడింది. “వాడు రాకుంటే నేను రాను. మీ నాయన పాణం పోయేదాకా ఆయన కాళ్ళకాడనే పన్నడు. ఎవరికో ఇచ్చిపోతనా?”

అఖిల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకు అమ్రాబాద్ దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఇంకా కొంచెం గడువుంది గానీ, తల్లిని ఒంటరిగా వదిలి చేరే ధైర్యం లేదు. అరిచినంతసేపూ ఏమీ అనిపించని జయపాల్‌కు, ఆమె అరవడం మానేసరికి మాత్రం గుండెలో ఏదో కలుక్కుమంది.

“పశువుల దవాఖానకు పోదాం పా,” అన్నాడు. “బండి సీటు ఎట్లన్న ఖరాబాయె.”

డాక్టరమ్మ ముందు అతని మెడ మీది గాట్లు చూసి సూది రాసింది, మనుషుల దవాఖానలో వేయించుకోమని. తర్వాత పిల్లి సంగతి చెప్పింది. సంచి వద్దు, గాలాడే పెట్టె కావాలి. ఆ పెట్టెను ముందు ఇంట్లో ఉంచి, అందులోనే అన్నం పెట్టాలి. తర్వాత ఆగి ఉన్న కారులో కూర్చోబెట్టాలి. తర్వాత ఇంజను పెట్టాలి. తర్వాత కొంచెం కొంచెం తిప్పాలి. పెట్టెలో దానికి తెలిసిన వాసన ఉండాలి. ప్రయాణం ముందు కడుపు నింపకూడదు.

“అంటే రోజూ కారు కావాలె,” అంది అఖిల దిగులుగా.

“సాయంత్రం పూట నా బండి ఖాళీనే ఉంటది,” అన్నాడు జయపాల్. అది పచ్చి అబద్ధం.

అలా మొదలయ్యాయి ఆ సాయంత్రాలు. రెండు టమాటా క్రేట్లు బోర్లించి వైరుతో కట్టి, తలుపు పెట్టి, పెట్టె తయారుచేసుకొచ్చాడు జయపాల్. సారమ్మ ట్రంకులోంచి రంగు వెలిసిన చీర తీసి అందులో పరిచింది.

“బొంబాయిల ఏడ పనికి పోయినా గీ చీరెనే ఊయల కడ్తుంటి. బిల్డింగులు మారేటియి గని, ఇందుల పండుకుంటే మా అఖిలకు అదే ఇల్లు. బస్సుల కూడ ఇదే కప్పుతుంటి, కిక్కురుమనకుండ వచ్చేది,” అంది.

“అమ్మా, ఊకో,” అంది అఖిల సిగ్గుపడి.

మొదట ఆగిన కారు. మేస్త్రి పెట్టెలోంచి బయటికి తొంగిచూసి, సీట్లన్నీ తనిఖీ చేసి, చివరికి డ్రైవరు సీటు మీద జయపాల్ చెమట తుడుచుకునే తువ్వాలను ఎంచుకుని దాని మీద పడుకున్నాడు. లేపితే గుర్రుమన్నాడు. జయపాల్ దిగి, తన కారు పక్కన తనే ఎండలో నిలబడ్డాడు.

“నీ సీటు పాయె,” అంది అఖిల. అప్పుడు నవ్వింది, మొదటిసారి.

తర్వాత కోట చుట్టూ తిరిగారు. జములమ్మ గుడి దాకా వెళ్ళారు. ఇంకా కొన్నాళ్ళకు బీచుపల్లి వంతెన దాకా. కింద కృష్ణ నిండుగా పారుతుంటే, పైన కారు ఎద్దులబండి కంటే నెమ్మదిగా పోయేది. పాటల్లేవు. హారన్ లేదు. గట్టిగా మాట్లాడితే మేస్త్రికి పడదు కాబట్టి ముగ్గురూ గుసగుసగానే మాట్లాడుకునేవారు. గుసగుసగా ఏం చెప్పినా, ఉల్లిగడ్డ రేటు చెప్పినా సరే, అది రహస్యంలాగే వినిపిస్తుందని జయపాల్‌కు అప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. సారమ్మను పెద్దమ్మా అని పిలుస్తున్నాడు తను. పెద్దమ్మ కూతురు ఏమవుతుంది? ఆ లెక్క తట్టిన సాయంత్రం అతని గుండె గుభేలుమంది. మర్నాడు కారు ఆపి, గొంతు సవరించుకుని, “అత్తమ్మా, పోదమా?” అన్నాడు.

సారమ్మ అతని వైపు ఒక చూపు చూసి కారెక్కింది. అఖిల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె కూడా అన్నా అనడం ఎప్పుడు మానేసిందో అతను గమనించనేలేదు.

ఎంత మంచి సాయంత్రాలు అవి! ఆ తర్వాత అతను ఎన్ని ఊళ్ళు తిరిగాడో, అంత నెమ్మదిగా, అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ బండి నడపలేదు. కానీ మేస్త్రి రోజురోజుకూ ధైర్యవంతుడవుతున్నాడు. వంతెన మీద లారీలు పోతున్నా కళ్ళు తెరవకుండా నిద్రపోతున్నాడు. పిల్లి నేర్చుకుంటే తన పని అయిపోయినట్టే. ఆమెను ఊరు దాటించడానికి తనే దగ్గరుండి తయారుచేస్తున్నాడు. ఇంతకంటే తెలివితక్కువ పని ఎవడైనా చేస్తాడా?

చెప్పకుండా ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. కానీ గడువు దగ్గరపడుతోంది. గడువు దాటితే ఆమె కొలువు ఏమవుతుందో? ఒక సాయంత్రం కారు ఇంటి ముందు ఆపి, స్టీరింగు వైపు చూస్తూ అన్నాడు.

“మేస్త్రికి భయం పోయింది. సోమవారం పొద్దుగాల పోదాం.”

అఖిల మొహం ఎర్రబడింది. “నిన్నెవరడిగిన్రు?” అని తలుపు ధడేలున వేసి వెళ్ళిపోయింది. పెట్టెలో మేస్త్రి మాత్రం చెవి కూడా కదపలేదు.

సోమవారం చీకటితోనే బయల్దేరారు. ముందు సీట్లో అఖిల, వెనక పెట్టె పక్కన సారమ్మ. పెట్టెకు సీటు బెల్టు కూడా వేశాడు జయపాల్. వనపర్తి వచ్చింది. ఊరు దాటాక అఖిల అంది, గుసగుసగానే.

“మమ్ముల తోలిరావాలని ఎందుకంత ఆత్రం నీకు?”

“ఆత్రమా? నీ గడువు అయిపోతుంటే...”

“నా గడువు నాకు తెల్వదా? కిరాయిలు పోతున్నయని చెప్పరాదు?”

“జర మెల్లగ మాట్లాడు, పిల్లి లేస్తడు.”

“మెల్లగనే మాట్లాడుతున్న!” అంది ఆమె ఇంకా మెల్లగా, ఇంకా కోపంగా.

గుసగుసగా పోట్లాడుకోవడం ఎంత కష్టమో పోట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. నాగర్‌కర్నూల్ వచ్చేసరికి ఇద్దరూ అలసిపోయి ఊరుకున్నారు.

బల్మూర్ దాటాక వాన అందుకుంది. వట్టి వాన అయితే ఫర్వాలేదు, నెత్తి మీదనే ఉరిమింది. మేస్త్రి లేచి పెట్టెను గోళ్ళతో పీకడం మొదలుపెట్టాడు. అరిచి అరిచి, చివరికి నోరు తెరుచుకుని రొప్పసాగాడు. జయపాల్ చెట్లు లేని చోట రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

“ఎట్ల ఎగపోస్తుండో చూడు,” అంది అఖిల. సీటు మీదుగా వెనక్కి వంగింది. “ముందట అడవి, ఘాట్ రోడ్డు. వాని పాణం తీస్తమా? వెనక్కి పోదాం జయపాల్. ఇంకొన్ని దినాలు అలవాటు జేద్దాం.”

సరే అంటే చాలు. బీచుపల్లి వంతెన, గుసగుసలు, సాయంత్రాలు అన్నీ తిరిగొస్తాయి. కోరి అడిగినా దొరకని వరం. జయపాల్ చెయ్యి గేరు మీదికి వెళ్ళింది కూడా. అద్దంలో సారమ్మ కనిపించింది. పెట్టె సందుల్లోంచి వేళ్ళు పోనిచ్చి, ఏడుపు ఆపుకుంటోంది. ఇప్పుడు వెనక్కి పోతే ఆమె మళ్ళీ ఎప్పుడూ బయల్దేరదు. అది అతనికి తెలిసిపోయింది.

“ఆగు,” అన్నాడు. “వంతెన మీద గూడ ఉరిమింది మొన్న. గప్పుడు భయపడలే. ఇయ్యాల ఏం మారింది?”

వెనక్కి వంగి, పెట్టెలో పరిచిన చీర కొంగును సందులోంచి లాగి వాసన చూశాడు. గుప్పున సబ్బు వాసన.

“ఉతికిన్రా అత్తమ్మా?”

“మరి? కొత్త ఇంటికి మాసిన బట్ట తీస్కపోతమా?” అంది సారమ్మ బిక్కమొహంతో. “బట్టల సబ్బు పెట్టి, రెండు నీళ్ళల్ల జాడిచ్చిన.”

పాపం, కొత్త గడపకు పరిశుభ్రంగా పోవాలనుకుంది. ఇల్లంతా ఆ చీరలోనే ఉందని తనే చెప్పింది, ఆ ఇంటిని తనే నీళ్ళలో కలిపేసింది.

జయపాల్ ఒక్క క్షణం తటపటాయించి, సీటు మీది తువ్వాలను లాగాడు. “ఇది ఉతుకలే,” అన్నాడు తల దించుకుని.

“ఎప్పటిసంది?” అంది అఖిల.

“అడుగకు.”

ఆమె పెట్టె తలుపు కొంచెమే తెరిచి తువ్వాలను లోపలికి తోసింది. మేస్త్రి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. రెండు ముందు కాళ్ళతో దాన్ని పిసికి పిసికి, మూతి అందులో దూర్చి, మెల్లగా వాలిపోయాడు. రొప్పు తగ్గింది. కాసేపటికి గురగుర మొదలైంది.

బయట వాన దంచికొడుతోంది. అఖిల పెట్టె తలుపు వేసి, జయపాల్ వైపు తిరిగింది.

“డాక్టరమ్మ ఎప్పుడో అన్నది, ఇంక పోవచ్చని. నేనే చెప్పలే.”

“ఎందుకు?”

“చెప్తే సాయంత్రం నువ్వు రావు గద.”

జయపాల్‌కు వాన చప్పుడు వినబడడం మానేసింది.

“నీ కొలువు పోతదేమోనని భయపడి సోమవారం అన్న,” అన్నాడు. “లేకుంటే ముసలోణ్ణి అయ్యేదాక ఆ వంతెన మీదనే తిప్పుతుంటి. అఖిలా, నువ్వు లేని గద్వాల నాకెందుకు?”

వెనక నుంచి సారమ్మ గొంతు వినబడింది. కళ్ళు మూసుకునే ఉంది.

“ఎవరు జూడలేదనుకొని పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుతదంట. మా ఇంట్ల ఒక్కటే పిల్లి అనుకుంటి. మూడున్నయ్.”

ఇద్దరూ ముందుకు తిరిగి బిర్రబిగుసుకుని కూర్చున్నారు.

“తువ్వాల వాసనకే వాడు ఇల్లు అనుకుండు,” అంది సారమ్మ, ఈసారి కళ్ళు తెరిచి. “వాడు ఊకనే ఎవర్ని మెచ్చడు. ఆయన పెంచిన పిల్లి. ఆయన ఉన్నా గిదే మాట అనేటోడు. ఇగ బండి తియ్యి బిడ్డా, వాన తగ్గింది.”

అడవి, ఘాట్ రోడ్డు, తడిసిన కొండలు, రోడ్డు మీద కోతులు. మేస్త్రి ఒక్కసారి కూడా లేవలేదు. అమ్రాబాద్‌లో కొత్త ఇంటి లోపలి గదిలో పెట్టె దించి, తలుపు వేసి, తువ్వాలను అక్కడే వదిలేసి జయపాల్ బయటికి వచ్చాడు. మర్నాటికి అతనికి గద్వాలలో కిరాయి ఉంది. అఖిల కారు దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

“వచ్చే ఆదివారం ప్రార్థన అయినంక మా అమ్మను తోలుకొని వస్త, మాట్లాడనీకి,” అన్నాడు జయపాల్. “ఆమెకు కారు పడదు. ఏడపడ్తే ఆడ ఆపుకుంట, మెల్లగ రావాలె.”

“మెల్లగనే రా,” అంది అఖిల. “కానీ రా.”