గరిటె ఎవరి చేతిలో?

"కొత్త చట్టం వచ్చింది, విన్నావా?" పొద్దున్నే సియూ గైక్ మొగుడి మీద కేకేసింది.

"కొత్త చట్టి ఎందుకే? మన మూకుడు బంగారంలా ఉంటే!" అన్నాడు బెంగ్ హువాత్.

"చట్టి కాదు, చట్టం! చెవుల్లో కూడా మసి పట్టిందా? వచ్చే నెల నుంచి పరాయి దేశం వాళ్లు తిండి బండి మీద వంట చేయకూడదట. గిన్నెలు తోమొచ్చు, బల్లలు తుడవొచ్చు. గరిటె పట్టారా, బండి మూయించేస్తారు."

పెనాంగ్ వీధి మొగలో ఆ నూడుల్స్ వేపుడు బండి పెట్టింది బెంగ్ హువాతే. భుజం పడిపోయాక గరిటె మాత్రం బర్మా పిల్ల ఎయ్ చాన్ చేతికొచ్చింది.

ఉల్లికాడలు తరుగుతున్న ఎయ్ చాన్ తలెత్తి యజమాని వైపు చూసింది. "తౌకే, గిన్నెలు తోమితే జీతం కూడా అడుగంటుతుందా?"

"బండే అమ్మేస్తాను. ఇక వండేదెవరు?" అన్నాడు బెంగ్ హువాత్.

"నేను చచ్చానా?" అంది సియూ గైక్.

"నీకేం వచ్చే?"

"రాకేం? పెళ్లైన దగ్గర్నుంచీ నీ పక్కన విసనకర్రతో బొగ్గులు విసురుతూనే ఉన్నా. నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి నేర్పావు. నాకెందుకు నేర్పలేదు?"

బెంగ్ హువాత్ నేల చూపులు చూశాడు. 

"ఆ పిల్ల బాగా వండితే నా శిష్యురాలంటారు. నువ్వు బాగా వండితే... నువ్వే బాగా వండావంటారు."

సియూ గైక్ కళ్లు నిండాయి.  ముక్కు చీది, గరిటె అందుకుంది.

"అమ్మీ, నీ జీతం తగ్గదు. నాకు పాఠం చెప్పే పంతులమ్మవి నువ్వు. నువ్వేంటి ముసలాయనా, విసుక్కోవడం మాని బొగ్గులు విసురు!"

ఎయ్ చాన్ చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడింది. "అక్కా, గుడ్డు! ఊఁ, ఇప్పుడు మొలకలు. ఆలిచిప్పలు ఆఖర్న, ఉడికీ ఉడకనట్టు!"

బెంగ్ హువాత్ మంచి చేత్తో విసనకర్ర ఊపుతున్నాడు. మొదటి రెండు పళ్లేలు మాడి చెత్తబుట్టకెక్కాయి. మూడోది రోజూ వచ్చే ఆటోపార్టుల కొట్టు ముసలాయన ముందుకెళ్లింది. ఆయన ఒక ముద్ద తిని, చాప్‌స్టిక్స్ గాల్లోనే ఆపాడు.

"ఇవాళ ఎవరి చెయ్యయ్యా ఇది?"

సియూ గైక్ మొగుడి వైపు చూసింది. బెంగ్ హువాత్ విసనకర్ర పక్కన పెట్టి, వీధంతా వినబడేలా చెప్పాడు.

"మా ఆవిడదయ్యా!"