ఓవెన్‌లో విత్తనం కుండ

చోళ్ళు, అదే రాగులు, వేగుతున్న వాసనకి డాలీకి మెలకువ వచ్చింది. బయట ఇంకా మంచు విడలేదు. అత్త సవరమ్మ అంబలి కోసం చోళ్ళు వేయిస్తోంది కాబోలనుకుని మరో పక్కకి తిరిగి పడుకుంది. కాసేపటికి ఆ కమ్మటి వాసన పోయి మాడు కంపు మొదలైంది. దాంతో దుప్పటి విసిరేసి వంటింట్లోకి పరుగెత్తింది.

వంటింట్లో ఎవరూ లేరు. గ్యాస్ పొయ్యి చల్లగా ఉంది. మూలనున్న పెద్ద కరెంటు ఓవెన్ మాత్రం దగ్గరికి వెళ్ళలేనంత వేడి కక్కుతోంది. రాత్రి కేకులు దింపాక డాలీయే స్వయంగా ఆపింది దాన్ని. ముందువైపు గడియారం అంకెలు కూడా ఆరిపోయి ఉన్నాయి. అయినా అద్దం వెనకాల కింది రాడ్ ఎర్రగా మండుతోంది. పైగా లోపల ఒక మట్టికుండ! మూతికి కట్టిన గుడ్డ బొగ్గయిపోయింది.

గోడ స్విచ్ ఆపేసి, ఓవెన్ తలుపు తీసి, పొగకి దగ్గుతూనే అరిచింది. "అత్తా!"

చెక్క గోడకి అవతల గదిలో మనవరాలు సోనిని పక్కన వేసుకుని పడుకున్న సవరమ్మ హడావుడిగా లేచి వచ్చింది. కుండని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేటత్తా? నా ఓవెన్‌లో కుండేటి?"

"ఇత్తనం" అంది సవరమ్మ. "నువ్వు కేకులు తీసేసినాక పొయ్యి ఎచ్చగుంటాది గదా. రోజూ రాత్రి ఎడతాను. నువ్వు లెగక ముందే తీసేత్తాను."

డాలీ ఓవెన్ లోపలికి తొంగి చూసింది. రోజూనా! చర్చి పెళ్ళిళ్ళకి కేకులు చేసే తన ఓవెన్‌లో, రోజూ!

అరకులో ఈ ఇల్లు కట్టక ముందు వీళ్ళ పాతింట్లో కట్టెల పొయ్యి ఉండేది. దాని మీద అటక, అటక మీద విత్తనాల కుండలు. పొగా వేడీ తగులుతుంటే విత్తనానికి పురుగు పట్టదు, చెమ్మ చేరదు. కొత్తింట్లో పొయ్యి చోటుని ఓవెన్ ఆక్రమించింది, అటక లేకుండా పోయింది. వానలు మొదలయ్యాయి, విత్తనం ఎక్కడ పెట్టుకోవాలో ఆ ముసలామెని ఎవరూ అడగలేదు. పొయ్యి ఉన్న చోటే కదా అని ఆమె తన దారి తాను చూసుకుంది.

"మీట నొక్కేసినావు కదూ?" డాలీ గొంతు పెరిగింది. "పాస్టరు గారి అమ్మాయి పెళ్ళి ముంచుకొస్తోంది. ఇప్పుడు కేకులు ఎందులో చెయ్యమంటావు?"

"నేను మీట ముట్టనేదు. ప్రభువు తోడు."

"ముట్టకపోతే దానంతటదే మండిందా? ఎవరు నమ్ముతారు?"

ఈ గొడవకి డాలీ భర్త ఆల్విన్ లేచి వచ్చాడు. బజార్లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు అతనిది. ఓవెన్ ముందు ఒకసారి వంగి చూసి, తల్లి వైపు తిరిగి మెత్తగానే అన్నాడు. "అమ్మా, తెలీక నొక్కేసుంటావు. ఒప్పేసుకుంటే పోయేదేటుంది?"

కోడలి అరుపు కంటే కొడుకు అన్న ఆ మెత్తటి మాటే ఆమెకి ఎక్కువ తగిలింది. చల్లారిన కుండలోంచి నల్లబడ్డ గింజలు కొన్ని తీసి, ఒకటి కొరికి చూసింది.

"సచ్చిపోనాది" అంది. "మాయమ్మ ఇచ్చిన ఇత్తనం. ఇంకేటి జల్లుతాను నారుమడిలో?"

టీ కూడా తాగకుండా, చెల్లెలు రాజులమ్మ ఊరికి వెళ్తానని సంచి సర్దుకుంది. ముంచింగిపుట్టు దాటాక కొండ మీది ఊరు అది, ఫోన్ అందదు. డాలీ ఆపలేదు. వెళ్ళనీ, నాలుగు రోజులుంటే కోపం తగ్గుతుంది అనుకుంది. ఎవరి కోపమో మాత్రం ఆలోచించుకోలేదు.

అత్త ఎక్కిన జీపు వెళ్ళిపోయాక ఆల్విన్ పనిముట్లు తెచ్చాడు. ముందు గోడ స్విచ్ వేసి చూశాడు. ఒక్క మీటా నొక్కలేదు. గడియారం వెలగలేదు కానీ కింది రాడ్ మెల్లగా ఎర్రబడటం మొదలుపెట్టింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేటండీ? ఎవరూ ముట్టలేదు కదా!"

అతను గబగబా మెయిన్ ఆపేశాడు. అది చల్లారాక పై రేకు విప్పి, ఏ వైరు ఎక్కడుందో సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. వేడిని కొలిచే సెన్సార్‌కి మీటర్ పెట్టి చూశాడు, అది బాగానే ఉంది. వైర్లూ బాగానే ఉన్నాయి. కంట్రోల్ బోర్డు బయటికి లాగితే, రాడ్‌కి కరెంటు కలిపి తెంపే చిన్న నల్లడబ్బా, దాన్నే రిలే అంటారు, పక్కనంతా మాడి ఉంది. దాన్ని గీకి విప్పి చూపించాడు.

"లోపల రెండు ముక్కలూ అతుక్కుపోయాయి. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడై ఉంటుంది. ఇక మనం ఆపినా ఇది ఆగదు. అమ్మ ముట్టలేదు, డాలీ."

గడియారం మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుందని గోడ స్విచ్ ఎప్పుడూ ఆపనిది డాలీయే. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె గోడ స్విచ్ వైపు చూసింది. అంతలో ఆల్విన్ ఓవెన్‌ని ముందుకి జరిపాడు.

వెనకాల ఆమె పేర్చుకున్న కేకు అట్టపెట్టెలు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఒకదాని అంచు రాజుకుని ఆగింది. దాని వెనక చెక్క గోడ మీద నల్లటి మరక. ఆ గోడకి అవతలే సోని దిండు.

డాలీ నేల మీద కూలబడింది. చోళ్ళు మాడకపోతే ఆ వాసన వచ్చేది కాదు. వాసన రాకపోతే తాను లేచేది కాదు. ఆపైన ఆలోచించలేక రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఆల్విన్ ఓదార్చలేదు. అతనికే ఓదార్పు కావాల్సొచ్చింది.

ఆల్విన్ ఫోన్ చేసి చెప్పగా, అదే నంబరు కొత్త బోర్డు మర్నాడు పొద్దున్న విశాఖ బస్సులో వచ్చింది. ఆల్విన్ ఫొటోలు చూసుకుంటూ ఒక్కో వైరూ దాని చోట గుచ్చాడు. కరెంటు ఇచ్చాడు. అంకెలు వెలిగాయి. డాలీ ఓవెన్ వేసింది, ఆపింది. రాడ్ నల్లబడేదాకా రెప్ప వేయకుండా చూసి, గోడ స్విచ్ కూడా ఆపేసింది.

"పిండి కలుపుతావా?" అన్నాడు.

"కేకులు తర్వాత. సోనిని పక్కింట్లో దించి బండి తీయండి."

రాజులమ్మ వాకిట్లో సవరమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుని ఉంది. వాళ్ళని చూసి తల దించుకుంది. రాజులమ్మే ఎదురొచ్చింది. "ఏటర్రా, బేగి వచ్చినారు? మా అక్క నన్ను సూడాలని వచ్చిందట. నిన్నంతా కబుర్లే."

డాలీ ఉలిక్కిపడింది. అంటే అత్త నిందా చెప్పలేదు, మాడిన విత్తనం మాటా చెప్పలేదు. విత్తనం కావాలనీ అడగలేదు! ఇంటి విత్తనం పోగొట్టుకోవడమంటే ఈ ఊళ్ళల్లో ఆడదానికి తలకొట్టేసినట్టే. ఇన్నాళ్ళూ నలుగురికి ఇచ్చిన చెయ్యి, అడగలేకపోయింది.

డాలీ అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బోర్డు సంగతి చెప్పింది, అట్టపెట్టెలు చెప్పింది, చెక్క గోడ మీది మరక చెప్పింది. "నువ్వు ముట్టలేదత్తా. నేనే నమ్మలేదు."

"సోని తలకాడా?" సవరమ్మ చేతిలో పిక్కలు జారి పడ్డాయి. "గుంటకేటీ అవలేదు కదా?"

"ఏమీ కాలేదమ్మా" అన్నాడు ఆల్విన్. "నన్ను క్షమించు."

డాలీ లేచి, చున్నీ తీసి రెండు చేతులా చాపి రాజులమ్మ ముందు నిలబడింది. "చినత్తా, మా ఇంట విత్తనం పోయింది. నా ఓవెన్‌లో, నా వల్ల పోయింది. ఈ చున్నీలో కాస్త విత్తనం పొయ్యి."

రాజులమ్మ నోరు తెరిచేసింది. "సవరమ్మింట ఇత్తనం నేదా!"

సవరమ్మ లేచి వచ్చింది. కోడలి చేతుల్లోంచి చున్నీ లాగేసుకుంది. ముసలామె ఆ పల్చటి గుడ్డని మడత మీద మడత వేసి, ఒక అంచు మళ్ళీ కోడలి చేతికిచ్చింది.

"చోళ్ళు సన్న గింజలు. ఒంటి పొరలో కారిపోతాయి" అని, రెండో అంచు తాను పట్టుకుంది. "పొయ్యవే రాజులూ. నా మనవరాలు బతికుంది. అడుక్కోడానికి నాకు సిగ్గేటి?"

చెప్తుంటేనే ఆమెకి ఏడుపొచ్చేసింది. రాజులమ్మ లోపలికి వెళ్ళి అటక మీంచి కుండ దింపుకొచ్చింది.