మాపటి రింగు

…ఫోను ఎత్తకపోవడం కూడా ఒక జవాబేనని వీళ్ళకు ఎవరు చెప్పాలి? అయినా తను ఎందుకు చెప్పాలి? అడిగిందెవరు గనక… అడగకుండానే తీర్పు చెప్పేశారు కదా! నాగరాణి గొర్ల దొడ్డి ఊడుస్తూనే ఉంది. గొర్ల మంద కృష్ణా నది దాటి రాయచూరు దిక్కు వెళ్ళిపోయాక దొడ్డిలో ఊడవడానికి పెద్దగా ఏమీ లేదు. నడవలేక మిగిలిపోయిన ఒక కుంటి గొర్రె, దాని పిల్ల, ఎండిపోయిన ఇంత పెంట. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. చీపురు ఆగితే తన నోటి నుంచి ఏ మాట ఊడిపడుతుందో ఆమెకే తెలియదు.

పొద్దున పొయ్యి పక్క గూట్లో పెట్టిన ఫోను మధ్యాహ్నానికి అక్కడ లేదు. మరిది ఐలేశం తీసుకున్నాడు. తీసుకుని, ఈ నంబరును కొత్త కంపెనీకి మార్చమని దాంట్లోంచే మెసేజ్ కొట్టాడు. ఆ సంగతి ఆమెకు అతను చెప్పలేదు, అత్త గోపమ్మ చెప్పలేదు. నీళ్ళకు పోతే వాడకట్టులో ఎవరో చెప్పారు. తన చీర ఎవరికైనా ఇవ్వాలంటే తనను అడుగుతారు. తన చెప్పులు వేసుకోవాలన్నా ఒక మాట అంటారు. ఆ ఫోను మాత్రం అందరిదీ ఎలా అయింది? తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మందతో బయలుదేరబోయే ముందు, మొగుడు గుర్వయ్య తన చేతిలో పెట్టి వెళ్ళిన ఫోను అది. ఈ ఇంట్లో అన్నం కుండ అందరిదీ, పడుకునే చాప అందరిదీ, చివరికి ఏడుపు కూడా అందరి ముందు ఏడవాల్సిందే. ఆ ఒక్కటి తనది… అనుకుంది.

"నాగరాణీ! ఇనబడుతలేదా? సిమ్ములాయన వచ్చి కూసున్నడు," అని వాకిట్లోంచి గోపమ్మ పిలిచింది.

అరుగు మీద సిమ్ములమ్మే మనిషి కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ కిరాణా కొట్టు ముందు రంగుల గొడుగు కింద ఉన్నవాడిని ఐలేశం ఇంటికే తీసుకొచ్చాడు. కాగితం నింపి, వేలిముద్ర కోసం సిరా డబ్బా మూత తీసి సిద్ధంగా పెట్టాడు. ఆ మూత చూసేసరికి నాగరాణికి ఒళ్ళు మండింది. ఏడో తరగతి దాకా చదివింది తను. సంతకం వచ్చా అని ఒక్కరైనా అడిగారా?

"వదినె, ఇగ నీకు ఫికర్ లేదు," అన్నాడు ఐలేశం సంబరంగా. "పైసలు పడుతయని కద అన్న ఫోన్ చేస్తే ఎత్తుతలేవు? ఈ కంపెనీల రోమింగే లేదు. పొద్దుందాక మాట్లాడుకో."

"పైసలకు కాదురా," అంది గోపమ్మ. పక్కింటి మల్లిక గోడ మీదుగా చూస్తోందని ఆమెకు తెలుసు, అందుకే గొంతు ఇంకొంచెం పెంచింది. "పొద్దుగూకంగనే నా కొడుకు ఫోన్ జేస్తడు. ఈమె చేతుల పట్టుకొని సూస్తది. ఎత్తది. వాడు అక్కడ ఎండకు ఎండి, మంచుకు తడిసి, పెండ్లాం గొంతు ఇందామని జేస్తే ఈమె సూసి నవ్వుతది! నేను కండ్లార సూసిన. గిట్లాంటి మనిషిని యాడన్న సూసిన్రా?"

ఈ మాట ఇవాళ కొత్తది కాదు. ఆడబిడ్డ దగ్గర అంది, దాయాదుల దగ్గర అంది, పెళ్ళికి పోయినచోట బంతిలో కూర్చుని అంది. నాగరాణి ప్రతిసారీ పళ్ళ బిగువున ఊరుకుంది. ఊరుకోవడంలో ఒక గర్వం ఉందని, ఆ గర్వాన్ని తను లోలోపల నములుతూ బతుకుతోందని ఆమెకు అప్పుడప్పుడు అనిపించేది. ఇవాళ ఆ గర్వం చాలలేదు.

"ఐలేశం," అంది మెల్లగా. "కొత్త కంపెనీ మంచిదని ఎట్ల తెలిసింది నీకు?"

"ఉత్తగనే మారుస్తున్ననా వదినె? రెండు ఫోన్లు రెండు చేతుల పట్టుకొని తిరిగిన. మక్తల్ బజార్ల టవరు ఫుల్లు. బస్టాండుల ఫుల్లు. మన డాబా మీద గూడ ఫుల్లు."

"నేనెప్పుడన్న డాబా మీద వంట చేసిన్నా?"

ఐలేశం నవ్వబోయి ఆగాడు.

"పొయ్యికాడ సూసినవా? దొడ్డికాడ సూసినవా?"

"దొడ్డికాడ ఫోన్‌తోని ఏం పని?"

"నేనుండేది అక్కడనే."

ఐలేశం ఊరంతా తిరిగి చూశాడు. టవరు గీతలు ఎన్ని ఉన్నాయో ప్రతి మూలా నిలబడి చూశాడు. ఆమె పొద్దున లేచి రాత్రి పడుకునే దాకా తిరిగే ఆ నాలుగు జాగాలు మాత్రం అతనికి ఊళ్ళో భాగంగానే కనిపించలేదు. నాగరాణికి కోపం కన్నా ముందు ఒక వింత కలిగింది. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి కూడా మనిషి ఇంత కనిపించకుండా ఉండగలదా!

గోడ అవతల నుంచి మల్లిక నవ్వింది. ఆమె మొగుడు కాటమయ్య కూడా అదే మందలో గుర్వయ్యతో ఉన్నాడు. "నన్నడుగరాదు ఐలేశం? పోయిన నెల నేను మారిస్తి గద ఈ కంపెనీకి. నా ఫోన్ డాబా మీద స్టీలు గిన్నెల కాపురముంటాంది. కిందికి తెస్తే సచ్చిపోతది. మాపటికి మెట్ల మీద కూసుండి గిన్నె ఎప్పుడు మోగుతదా అని సూస్త. మొన్న వానొచ్చి గిన్నె నిండె. ఫోన్‌ను బియ్యంల పెట్టి బతికించుకున్న."

"నువ్వాగు మల్లికా," అన్నాడు ఐలేశం. "అదొక్కటే సూస్తమా? రోమింగ్ సంగతి సూడాలె గద."

"సరే, సూడు," అంది నాగరాణి. ఆమె గొంతు ఇప్పుడు మెల్లగా లేదు. "రాష్ట్రం దాటి పోయింది ఎవలు, నేనా మీ అన్ననా? రోమింగ్ పడేది ఆయన సిమ్ముకు. చేసినా పడుతది, నేను చేస్తే ఎత్తినా పడుతది. ఈడ కూసున్న నా సిమ్ము మారిస్తే ఆడున్న ఆయనకు ఎట్ల తప్పుతది?"

ఐలేశం సిమ్ములాయన వైపు చూశాడు. ఆయన సిరా డబ్బా వైపు చూశాడు.

"అంటే… అవతలి మనిషిది గూడ మార్చుకోవాలె," అన్నాడాయన.

"రాయచూరు అవతల, కాలువల కింద, వరి కోసిన మళ్ళల్ల ఉంటది మంద. అక్కడున్నదా మీ టవరు?"

"పెడుతున్నరమ్మా. ఇంకా…"

"ఇంకా లేదు. ఆయన పాత సిమ్ము అక్కడ కాలువ కట్ట ఎక్కితే పడుతది. నాకెట్ల తెలుసంటరా? మంద కట్టకాడ ఉంటే మాపటికే మోగుతది. లోపలికి పోతే దీపం పెట్టినంక మోగుతది, కట్ట దాంక నడిసి రావాలె గద. ఏరు దాటేటప్పుడు అసలే మోగది. నేను, మల్లిక, మందకు పోయినోళ్ళ ఆడోళ్ళమందరం గిదే మాట్లాడుకుంటం నీళ్ళకాడ. ఏ ఊర్ల ఎవలది మోగె, ఎవలది మోగకపాయె అని. మీకు ముచ్చట్లు పెడుతున్నట్టు కనబడుతది."

"ఎత్తనోళ్ళకు టవరుంటే ఎంత, లేకుంటే ఎంత!" అంది గోపమ్మ.

చీపురు ఇంకా చేతిలోనే ఉందని నాగరాణికి అప్పుడు తెలిసింది. దాన్ని గోడకు ఆనించి, అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎత్తొద్దన్నదే నీ కొడుకు అత్తమ్మా! ఎత్తితే ఆయనకు పైసలు పడుతయి, ఆయన కాడ ఉన్న బ్యాలెన్సు రోగానికో నొప్పికో ఉండాలె. గొర్లను రాత్రికి వలల దడి లోపలికి తోలినంక ఒకసారి మోగనిస్తడు. మోగి ఆగిందంటే మనిషి మంచిగున్నడు, మంద మంచిగున్నది. ఆగి మళ్ళ వెంటనే మోగితే ఎత్తాలె. అది ఆపతి. అది మోగి ఆగినంక మళ్ళ మోగుతదా అని ఊపిరి బిగపట్టి సూస్త నేను! మోగకుంటే నవ్వొస్తది. నువ్వు సూసిన నవ్వు అది. ఆ నవ్వును ఊరూరా పంచినవు…"

దొడ్డిలో కుంటి గొర్రె ఒక్కటే అరిచింది. సిమ్ములాయన మెల్లగా డబ్బా మూత పెట్టి, "మీ ముద్ర లేకుంటే ఈ నంబరు యాడికీ పోదమ్మా," అని కాగితం మడుచుకుని లేచాడు. ఐలేశం జేబులోంచి ఫోను తీసి, వదిన చేతికి ఇవ్వడానికి మొహం చెల్లక అరుగు మీద పెట్టాడు.

"నాది మార్చుకుంట తియ్యి," అని గొణిగాడు. "నేను బస్టాండుల ఉండేటోణ్ణే గద."

గోపమ్మ మాత్రం అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. అరుగు మీది ఫోను చూస్తూ, "దినాం గట్లనే మోగుతదా?" అంది.

"దినాం."

"మంచిగున్ననని చెప్పేదా అది?"

"ఆఁ."

"మరి… నాకొక్క మాట చెప్పకపోతివి?"

"నువ్వడిగినవా?"

అనేసింది. అనగానే ఆ మాట తన వైపే తిరిగి వచ్చినట్టు అనిపించింది. గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడుపు ఎప్పుడూ పదిమందికీ వినబడేది. ఇది వినబడలేదు.

"మీ మామ గూడ గా ఏటికి అవతలనే…" అంది. "జొరమొచ్చిందని ఎవలు చెప్పలే. మట్టి చేసినంక వచ్చి చెప్పిన్రు. నేను ఆ దినం నవ్వుకుంట జొన్నరొట్టెలు కొట్టుకుంట ఉన్ననంట. ఆయన సచ్చిపోయిన నాడు నేను రొట్టెలు కొట్టిన పిల్లా… ఇప్పుడు ఫోన్ మోగుతాంది, నువ్వు ఎత్తుతలేవు. నా పానం ఎట్ల కొట్టుకోవాలె? ఐలేశం ఫోన్‌కు వాడు ఎప్పుడో చేస్తడు, అప్పుడు ఐలేశం మక్తల్ల ఉంటడు. నా శెవులకు నా కొడుకు గొంతు యాడిది?"

నాగరాణికి కోపం పోలేదు. ఇన్ని నెలల మాటలు ఒక్క ఏడుపుతో చెరిగిపోతాయా? పెళ్ళిబంతిలో తల వంచుకుని తిన్న ఆ అన్నం ఇంకా గొంతులోనే ఉంది. కానీ కోపం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఈ ఇంట్లో పొద్దు వాలితే ఊపిరి బిగపట్టేది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎదురు స్తంభం దగ్గర ఇంకొకరు బిగపడుతున్నారు, తనకన్నా ఎన్నో ఏళ్ళ ముందు నుంచి. ఆగిపోయిన రింగు సుఖం తను మూట కట్టి దాచుకుంది. మోగిన రింగు భయం మాత్రం ఆమెకు వదిలేసింది.

ఐలేశం వెళ్ళిపోయాడు. మల్లిక డాబా మెట్లెక్కి గిన్నె పక్కన కూర్చుంది. ఎండ గోడ దిగి, వాకిలి దాటి, దొడ్డి మీదకు పోయింది.  అత్తాకోడళ్ళ మధ్య అరుగు మీద ఫోను ఉంది.

అది మోగింది.

గోపమ్మ ఉలిక్కిపడి కోడలి మొహంలోకి చూసింది. నాగరాణి ఫోను అందుకుంది. ఎప్పటిలా గుండెకు దగ్గరగా పట్టుకోలేదు. వంగి, ముసలామె కుడిచేయి తెరిచి, మోగుతున్న ఫోనును ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.