ముడి వెయ్యని కోటు

పరాయి దేశంలో కాలు పెట్టినవాడికి మొదట నచ్చేవి మేడలూ కాదు, రైళ్లూ కాదు, తలుపులు. అవునండీ, తలుపులే! ఎదురుగా వెళ్లి నిలబడితే చాలు, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే రెండుగా విడిపోయి, "దయచెయ్యండి అల్లుడుగారూ" అన్నట్టు పక్కకి తప్పుకుంటాయి. విమానం దిగి బయటికొచ్చే చోట ఆ అద్దాల తలుపుకి ఒకసారి ముందుకీ, ఒకసారి వెనక్కీ నడిచి చూసి బుజ్జి తెగ మురిసిపోయాడు. వెనకాల పెట్టె ఈడ్చుకొస్తున్న ఒక పెద్దావిడ విసుక్కుంటే గానీ కదల్లేదు.

బుజ్జి అంటే పసివాడనుకునేరు. మీసం నెరుస్తున్న దర్జీ. అన్నకి తమ్ముడు కాబట్టి ఇంట్లో ఇంకా బుజ్జే. చలి దేశమని ఒంటిమీద తండ్రి తాలూకు పాత కోటు వేసుకొచ్చాడు. ఆ కోటుకి ఒక కథ ఉంది. చిన్నప్పుడు వానొస్తే అన్నదమ్ములిద్దరూ అందులోనే దూరి, ఒకే మనిషిలా బడికి నడిచేవాళ్లు. ఎడమ చెయ్యి అన్నది, కుడి చెయ్యి తమ్ముడిది.

అన్నది పుర్రచేతి వాటం. కత్తెర ఎడమే, సూదీ ఎడమే. అందుకే లోకంలో అందరి కుట్టూ ఒకవైపు వాలితే అతని కుట్టు ఇంకోవైపు వాలేది. పైగా వాళ్ల కొట్లో తండ్రి పెట్టిన అలవాటొకటి ఉంది. అన్న చివరిదాకా కుట్టి, సూది అలాగే వేలాడదీసి వదిలేస్తాడు. "ముడి నీదిరా బుజ్జీ" అంటాడు. తమ్ముడు ముడి వేసి దారం తెంపితేనే ఆ గుడ్డ కొట్టు దాటేది. రేపు తను పోయాక కొడుకులు విడిపోకూడదని ఆ పెద్దాయన ఆలోచన.

అలాంటి అన్న ఈ దేశానికి పని కోసం వచ్చి, ఒకరోజు నుంచి మాటా పలుకూ లేకుండా పోయాడు. పనిచ్చిన బాబాయి ఫోన్ చేసి, "ఎవతెతోనో లేచిపోయాడమ్మా, మర్చిపో" అని వదినకి చెప్పేశాడు. ఇంకేముంది, నలుగురి నోళ్లూ నాలుగు వందలయ్యాయి. వదిన బయటికెళితే గుసగుసలు, ఇంట్లో ఉంటే పరామర్శలు. చివరికి అదే బాబాయి "నువ్వు రారా, పనుంది" అని బుజ్జికి కబురు పెట్టినప్పుడు, వదినే పెట్టె సర్ది పెట్టింది.

"బుజ్జీ, ఆయన లేచిపోయే మనిషి కాదు. ఎలా ఉన్నా సరే, ఏ రూపంలో ఉన్నా సరే, నా మనిషిని నాకు తెచ్చివ్వు. ఒట్టి చేతుల్తో మాత్రం రాకు."

అదీ బుజ్జి వచ్చిన పని. కుట్టుపని సాకు.

బాబాయి వ్యాన్ తీసుకుని వచ్చాడు. వరసకి బాబాయి. ఆ వరస ఎటునుంచి ఎటో అడిగితే ఆయనకీ తెలీదు. గుండ్రటి మొహం, దాని కింద నల్లటి బరువైన కోటు. ఆ కోటు భుజం చూడగానే బుజ్జి పోల్చుకున్నాడు. ఆ భుజం తీరు అన్న చేతిది.

"చూస్తున్నావా? మీ అన్న కుట్టిందే. పోతూ పోతూ ఒక మంచి పని చేసిపోయాడు" అని నవ్వాడు బాబాయి, గుండీ సర్దుకుంటూ. "కాకపోతే ఈ దేశం నీళ్లు వంటబట్టాయిరా. రోజురోజుకీ బిగుసుకుపోతోంది. పాస్‌పోర్టు ఇటివ్వు. నా దగ్గర భద్రంగా ఉంటుంది."

ఇచ్చాడు. కొత్త చోటు, పెద్దవాడు అడిగాడు, ఏం చేస్తాడు మరి!

వ్యాన్ కిటికీలోంచి బుజ్జి కళ్లప్పగించి చూశాడు. రోడ్లు తుడిచిన పళ్లాల్లా ఉన్నాయి. ఒక్క హారన్ లేదు. మనుషులు పక్కపక్కనే నడుస్తున్నా ఎవరి మౌనం వాళ్లదే. షాపుల అద్దాల వెనక తలల్లేని బొమ్మలు మంచి మంచి కోట్లు వేసుకుని నిలబడ్డాయి. అంతా బాగానే ఉంది గానీ, టీ తాగే వేళకే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది.

"బాబాయ్, ఇవాళ గ్రహణమా?"

"గ్రహణమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. చలికాలం ఇక్కడ సూర్యుడు కూడా గుమాస్తాలాంటివాడే. ఆలస్యంగా వస్తాడు, తొందరగా పోతాడు."

బుజ్జి నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు. "అన్న వెళ్లిపోయాక మరి కుట్టేదెవరు?"

"అదేరా చిత్రం! ఇస్త్రీ చేసే ముసల్ది ఒకతి ఉంది. మన భాష రాదు, దాని భాష మనకి రాదు. రాత్రిళ్లు కొట్లోనే పడుకుంటుంది. సాయంత్రం నేను తాళం వేసి వెళతానా, పొద్దున వచ్చేసరికి బల్ల మీద గుడ్డలన్నీ కుట్టి ఉంటాయి. ఇస్త్రీతో పాటు కుట్టు కూడా నేర్చుకుందనుకుంటా, ఉచితంగా చేస్తోంది, మనకెందుకులే అని ఊరుకున్నా. ఒకటే రోగం దానికి. ముడి వెయ్యదు."

బుజ్జి నవ్వు ఆగిపోయింది. "ఏమిటీ?"

"ముడిరా, ముడి! అంతా కుట్టేసి, చివర్న సూది వేలాడదీసి వదిలేస్తుంది. గుడ్డలు ఊడిపోయి జనం తిడుతున్నారు. నన్ను వెయ్యమంటావా, నా వేళ్లకి పట్టుబడదాయె. అందుకే నిన్ను పిలిపించా. నువ్వు ముళ్లు వేసుకుంటూ కూర్చో, చాలు!"

వ్యాన్‌లో వేడిగాలి వస్తూనే ఉంది. బుజ్జి మాత్రం తండ్రి కోటు దగ్గరగా లాక్కున్నాడు.

కొట్టు ఒక ఇరుకు సందులో ఉంది. పైన గిరాకీలు వచ్చే గది, కింద నేలమాళిగ. మెట్లు దిగుతుంటే తడి ఉన్ని వాసన, సున్నపు సుద్ద వాసన, మిషన్ నూనె వాసన. వీటన్నిటి అడుగునా ఇంకోటి... ఎప్పటిదో పొగ వాసన. పైకి ఉన్న ఒక్క కిటికీకీ నల్లరంగు పూసేశారు. మూల ఒక పాత బొగ్గు పొయ్యి. మధ్యలో గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల. బల్ల మీద వరసగా ప్యాంట్లూ, గౌన్లూ, కోట్లూ. ఒక్కోదానికీ ఒక్కో సూది వేలాడుతోంది.

బాబాయి పొయ్యి వెలిగించి, ఎవరికో ఫోన్ చేస్తూ పైకి వెళ్లాడు. బుజ్జి ఒక గౌను అంచు తిప్పి దీపం కిందికి పట్టాడు.

కుట్టు అటు వాలి ఉంది. ఎడమచేతి వాలు.

సుద్ద గీత ఇంకా చెరగలేదు. దారం ఇంకా కొత్త వాసన వేస్తోంది. "అన్న బతికే ఉన్నాడు!" అనుకున్నాడు ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణమే ఆ దేశం మొత్తంలో అతనికి దక్కిన అసలైన సంతోషం.

ఇస్త్రీ ముసలమ్మ మూలనుంచి వచ్చింది. అతని గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, మొహం పోల్చుకుంది. ఆవిడ కళ్లు నిండాయి. ఎడమ చెయ్యి ఎత్తి గాల్లో కుట్టినట్టు చూపించింది. అవునా అన్నట్టు తల ఊపింది.

"అవునమ్మా, మా అన్న! ఎక్కడున్నాడు?" భాష రాదని తెలిసీ అడిగాడు.

ఆవిడ మెట్ల మీది తలుపు చూపించి, తాళం తిప్పినట్టు చేసింది. బయటినుంచి. తర్వాత పొయ్యి వైపు వేలు పెట్టి, రెండు చేతులతో గొంతు పట్టుకుని దగ్గింది... దగ్గి దగ్గి, మెడ వాల్చేసింది. ఆ తర్వాత మెల్లిగా వంగి, బల్ల కింద నేల చూపించింది.

బుజ్జి మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. నేలంతా పాత బండలు. బల్ల కింద మాత్రం మనిషి పొడుగున కొత్త సిమెంటు.

దొరికిన కత్తెర చేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నాడు. 'లేచిపోయాడమ్మా, మర్చిపో'... ఆ మాట ఒక్కటే చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. చంపింది చాలక, చచ్చినవాడి మీద నింద కూడానా!

"ఒరేయ్ బుజ్జిగా!" మెట్ల మీంచి బాబాయి కేక. "ఇవాళ తనిఖీవాళ్లు వస్తారట. నీకు పని కాగితాల్లేవుగా, కాస్సేపు కిందే ఉండు. పొయ్యి వెచ్చగానే ఉందిగా! ముసలీ, నువ్వు పైకి రా."

ఆవిడ కదల్లేదు. బాబాయి దిగొచ్చి చెయ్యి పట్టి ఈడ్చుకెళ్లాడు. బుజ్జి లేచి పరిగెత్తేలోపే తలుపు పడింది. గడియ. తాళం.

"బాబాయ్! తలుపు తియ్యి! పొగ పోయే దారి లేదు ఇక్కడ!"

"అరవకురా! మీ అన్న కూడా అచ్చం ఇలాగే..."

మాట మధ్యలో ఆగిపోయింది. తలుపుకి అటు బాబాయి, ఇటు బుజ్జి. ఇద్దరికీ వినిపించింది ఆ మాట.

తర్వాత అడుగులు దూరమయ్యాయి.

పొగ మొదలైంది. ముందు పల్చగా, తర్వాత చిక్కగా. బుజ్జి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నల్ల కిటికీ మీద కత్తెరతో కొట్టాడు. అది అద్దం కాదు, రేకు. కళ్లు మండుతున్నాయి. వదిన మొహం కనపడింది. ఒట్టి చేతుల్తో రాకు అంది. ఇప్పుడు ఆ ఒట్టి చేతులు కూడా వెళ్లేలా లేవు...

అప్పుడు పొయ్యి ఆరిపోయింది.

దానంతటది కాదు. ఎవరో వేళ్లతో వత్తి నలిపేసినట్టు... ఒక్కసారిగా.

దీపం కూడా పోయింది. చీకటి. కుక్కిన దూదిలాంటి చీకటి.

సర్... సర్...

బుజ్జికి ఆ చప్పుడు పుట్టినప్పటినుంచీ తెలుసు. దళసరి గుడ్డలోంచి దారం లాగే చప్పుడు.

సర్... సర్... బల్ల అవతల. కొంచెం దగ్గరగా. ఎవరో దగ్గారు. మెత్తగా, లోపల్నుంచి.

"అన్నా?" గుసగుసగా అడిగాడు.

తడి ఉన్ని వాసన ఒకటి అతని పక్కనుంచి దాటింది. మెట్ల మీద చప్పుడు. సర్... సర్... తలుపు దాటి పైకి.

పైనుంచి బాబాయి గొంతు. "ఎవరది?... ఎవరు లాగుతున్నారు నా కోటు?... ముసలీ, దీపం వెయ్యి! దీపం..."

కుర్చీ పడింది. బరువైనదేదో నేల మీద దొర్లింది. తర్వాత మాటలు పోయి, మూలుగు మిగిలింది. మూలుగు మధ్యలో తీరుబడిగా అదే చప్పుడు. సర్... సర్... సర్...

మెట్ల మీది తలుపు ఎవరూ తాళం తియ్యకుండానే తెరుచుకుంది. విమానాల చోట చూసి మురిసిపోయిన తలుపులాగే.

బుజ్జి పైకి వెళ్లాడు.

బాబాయి నేల మీద ఉన్నాడు. కోటు ముందు రెండు అంచులూ కలిపి కింది నుంచి పైదాకా కుట్టేసి ఉన్నాయి. కోటు చేతుల కొసలు వేళ్లు లోపలే ఉంచి కుట్టేసి ఉన్నాయి. కాలరు పైకి లేచి నోరు మూసి, ముక్కు దాకా వచ్చింది. ఒక్కో కుట్టూ ముత్యంలా ఉంది. అంతా ఎడమ వాలే. కాలరు కొసన, ముక్కు పక్కగా, దారం వదులుగా ఉంది. దానికి సూది వేలాడుతోంది.

ఆ వదులులోంచే ఆయన ఊపిరి పీలుస్తున్నాడు.

బుజ్జి చేతిలో కత్తెర ఉంది. ఆయన కళ్లు కత్తెరనే చూస్తున్నాయి. బతిమాలుతున్నాయి.

"మా అన్న లేచిపోయాడన్నావు."

కళ్లు అటూ ఇటూ తిరిగాయి. లేదు, లేదు.

"మా వదినకి ఫోన్ చేసి చెప్పావు."

కళ్లు మూసుకున్నాయి.

చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది. చిన్నప్పటినుంచీ విన్న మాటే. విసుగు లేదు, తొందర లేదు.

"ముడి నీదిరా బుజ్జీ."

బుజ్జి కత్తెర కింద పెట్టాడు. సూది అందుకున్నాడు. దారం గట్టిగా లాగి, రెండు చుట్లు తిప్పి, ముడి వేసి, పళ్లతో తెంపాడు.

టుక్.

ఇస్త్రీ ముసలమ్మ మూలనుంచి లేచి వచ్చింది. గల్లాపెట్టె లోంచి అతని పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. ఇద్దరూ బయటికొచ్చాక కొట్టుకి తాళం వేసి, తాళంచెవి కాలవలోకి విసిరేసి, తన దారిన తను వెళ్లిపోయింది. వీధిలో జనం పక్కపక్కనే నడుస్తున్నారు, ఎవరి మౌనం వాళ్లది. తనిఖీవాళ్లెవరూ రాలేదు.

రానూపోనూ టిక్కెట్టు ఉంటే గానీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు కాబట్టి బతికిపోయాడు. విమానాల చోట అద్దాల తలుపు అతన్ని చూసి మర్యాదగా విడిపోయింది. అతను దాటాడు. అది మూసుకోలేదు. వెనకాల ఇంకెవరో నింపాదిగా వస్తున్నట్టు కాస్సేపు అలాగే ఆగి, అప్పుడు మూసుకుంది. బుజ్జి వెనక్కి తిరిగి చూడలేదు.

విమానం ఎక్కేముందు వదినకి ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో తెలీదు. నిజం చెబితే ఆవిడ తట్టుకోగలదా? అన్న ఇంటికైనా తెచ్చుకోలేని చోట, సిమెంటు కింద పడుకున్నాడని ఏ నోటితో చెప్పాలి?

"వదినా, నేనే... బయల్దేరాను. అన్న..."

"తెలుస్తోందిలే!" అంది వదిన. ఆ గొంతులో అంత వెలుగు విని ఎన్నాళ్లయిందో! "ఆ పక్కన దగ్గుతున్నది ఆయనే కదూ? అంత జలుబు చేస్తే చెప్పొద్దూ? ఒకసారి ఫోన్ ఇవ్వు."

బుజ్జి పక్కకి చూశాడు. ఎవరూ లేరు. ఫోన్ కట్టేశాడు.

విమానం గాల్లోకి లేచింది. తండ్రి కోటు భుజాల దగ్గర బిగుతుగా అనిపించింది. పొద్దున వదులుగానే ఉండేది. గుండీలు విప్పబోయాడు. విప్పుకోవడానికి లేదు. లోపలి అంచు వెంబడి సన్నగా, అందంగా, కొత్త కుట్టు. వాలు చూడాల్సిన పని లేదు. కొసన సూది వేలాడుతోంది.

చిన్నప్పటి వానరోజుల్లోలా, పక్కటెముకల మీద ఇంకెవరి పక్కటెముకలో ఆనుకుని ఉన్నాయి.

"టీ కావాలా అండీ?" అని అడిగింది విమానంలో అమ్మాయి.

కావాలని చెప్పింది తనేనో కాదో బుజ్జికి తెలీలేదు. కుడి చెయ్యి ఎత్తుదామనుకున్నాడు. అది ఒళ్లో అలాగే పడి ఉంది.

ఎడమ చెయ్యి సాగి, కప్పు అందుకుంది.