పూలజడ ఫోటో

"నా బిడ్డ గొంతు కోసిండ్రమ్మో!... ఓ పంపా! నా భాగి గొంతు కోసిండ్రు!"

పెరట్లో తడిబట్టలు ఆరేస్తున్న పంపావతి గుండె ఝల్లుమంది. చేతిలో చీరను అలాగే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ముందు గదిలో అత్తగారు లలితాంబ నేలమీద కూలబడి ఉంది. ఆమె ఒళ్ళో ఒక పాత నలుపు తెలుపు ఫోటో. అందులో పట్టులంగా ఉంది, చేతుల నిండా గాజులున్నాయి, వెనక నిలువుటద్దంలో బారెడు పూలజడ ఉంది... ముఖం మాత్రం లేదు! ముఖం ఉండాల్సిన చోట గుండ్రంగా ఒక చిల్లు! ఎదురుగా ఎనిమిదేళ్ళ స్ఫూర్తి కత్తెర పట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంది. ఐదేళ్ళ విశాల్ వేళ్ళకంతా గమ్ అంటుకుని ఉంది.

ఆ ఫోటో ఎవరిదో రాయచూరు దగ్గరి ఆ శక్తినగర్ కాలనీలో తెలియనివాళ్ళు లేరు. అది ఆమె ఆడబిడ్డ భాగీరథిది. పవర్ ప్లాంట్ ఇంకా కట్టుబడిలో ఉన్న రోజుల్లో, కాలం చేసిన మామగారు గురురాజ్ అందులో ఫిట్టరుగా చేరి ఈ క్వార్టర్స్‌కు వచ్చిన కొత్తలో, ఆరేళ్ళ ఆ పిల్ల నాలుగు రోజుల జ్వరంతో కన్నుమూసింది. ఆ చిట్టితల్లి గుర్తుగా మిగిలింది ఆ ఒక్క ఫోటోనే! ముప్పై రెండేళ్ళుగా లలితాంబ పొద్దున లేచి, ప్లాంటు నుంచి ఎగిరి వచ్చి అద్దం మీద పడిన సన్నని బూడిదను కొంగుతో తుడిచి, దీపం పెట్టి మొక్కితే గాని కాఫీ ముట్టదు. దసరాకు సున్నాలు వేయిస్తూ ఆ పటాన్ని దించి బల్ల మీద పెట్టారు. వెనక చెక్క ఊడిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు... పిల్లలు చూశారు!

"ఎవతే నీకు కత్తెరిచ్చింది!" అంటూ పంపావతి కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది. కొట్టిన మరుక్షణమే ఆమెకు గుర్తొచ్చింది. కత్తెర ఇచ్చింది తనే కదా!

అవును, ఈ ఇంట్లో కత్తెరా, గమ్మూ, రంగులూ అన్నీ పంపావతి తెచ్చినవే. బెండకాయ ముక్కలతో అచ్చులు వేయించేది, పాత పెళ్ళిపత్రికలతో ఏనుగులూ గుర్రాలూ చేయించేది, చేసినవాటితో పిల్లల్ని కూర్చోబెట్టి ఫోన్లో ఫోటో తీసేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చూసి ముచ్చటపడేవారు. అత్తగారికి మాత్రం అవి కంట్లో నలుసు. "ఏందే గీ చెత్త? హమేషా ఫోటోలు, ఫోటోలు! పిల్లలకు దిష్టి తగలదా?" అని సణిగేది. మొన్న ఎండాకాలంలో అయితే పెద్ద రభసే అయింది. విశాల్‌కు ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు. ఆ పొడుగు జుట్టు చూసి ముచ్చటేసి పంపావతి మల్లెపూలతో జడ కుట్టి, స్ఫూర్తి లంగా కట్టి, అద్దం ముందు నిలబెట్టి ఫోటో తీసింది. మగపిల్లలకు పుట్టువెంట్రుకల ముందు ఈ ముచ్చట ఎవరు తీర్చుకోరు? గుడినుంచి వచ్చిన లలితాంబ వాణ్ణి చూసి గుమ్మంలోనే గడగడా వణికిపోయింది! ఆ పూలన్నీ పెరికి పారేసి, వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. తను చేసిన తప్పేమిటో పంపావతికి ఇప్పటికీ తెలియదు.

ఈ సెలవుల్లో బడివాళ్ళు 'నా కుటుంబం' అని ఆల్బమ్ చేసుకు రమ్మన్నారు. ఇంట్లో ప్రతివాళ్ళ చిన్నప్పటి ఫోటో అంటించాలట. పంపావతి తన పుట్టింటి ఫోటోలు ఒక కవరు నిండా ఇచ్చి, "ఇవి కత్తిరించుకోండి" అని చెప్పి బట్టలకు వెళ్ళింది. భర్త ప్రహ్లాద్‌కు చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. ఎన్నిసార్లు అడిగినా అత్తగారు, "లేవంటే లేవు!" అని విసుక్కునేది.

"అత్తమ్మా... పిల్లలు ఎరుగక చేసిండ్రు. అంటిస్త నేను, మళ్ళ ఉన్నట్టే చేస్త..." పంపావతి అత్తగారి పాదాలు పట్టుకుంది.

"అంటిస్తవా? ఏం అంటిస్తవే? పోయిన బిడ్డను మళ్ళ నా కండ్ల ముందల కోయిస్తివి గదనే!" లలితాంబ కాళ్ళు లాక్కుంది. "నీ ఆటలు, నీ రంగులు! ఇల్లంత అంగడి చేస్తివి, ఒక్క మాట అన్ననా? ఇంక గీ ఇంట్ల నేనుండ. మా తమ్ముడు సూగప్ప బతికే ఉన్నడు. చంద్రబండకు పోత. నా కొడుక్కు నువ్వే చెప్పుకో, వాని తల్లిని ఎట్ల ఎల్లగొట్టినవో!"

చెప్పినట్టే పెట్టె సర్దడం మొదలుపెట్టింది. పంపావతి ఎంత బతిమాలినా వినలేదు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆమె గడప దాటిందంటే ఇంకేముంది! తల్లిని వెళ్ళగొట్టిన పెళ్ళాం ముఖం ప్రహ్లాద్ ఎలా చూస్తాడు? కాలనీలో పదిమంది ఏమంటారు? ఏడుస్తూనే పంపావతి రంగుల డబ్బాలూ, కత్తెరా, గమ్మూ మూటగట్టి చెత్తబుట్ట పక్కన పెట్టేసింది. అది చూసి విశాల్ గొల్లుమన్నాడు. స్ఫూర్తి మాత్రం ఏడవలేదు. వాతలు తేలిన చెంపతో ఆల్బమ్‌ను గుండెకు అదుముకుని మూల కూర్చుంది.

ప్లాంట్‌లో పొద్దుటి షిఫ్టు దిగి ప్రహ్లాద్ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. రోజూ ఆ వేళకు గేటు పట్టుకుని ఎదురుచూస్తూ నిలబడే తల్లి ఇవాళ కనిపించలేదు. లోపల గుమ్మానికి అడ్డంగా పెట్టె... నట్టింట్లో ముఖం లేని ఫోటో... వాచిన కళ్ళతో భార్య!

"ఏమైంది?"

పంపావతి దాచకుండా చెప్పింది. "తప్పు నాదేనండీ. నన్నేమన్నా అనుండ్రి, అత్తమ్మను మాత్రం ఆపుండ్రి..."

అతను చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. కూతురి దగ్గర కూర్చుని చెయ్యి చాచాడు. స్ఫూర్తి కాసేపు అతని ముఖంలోకి చూసి, ఆల్బమ్ ఇచ్చింది. అతను పేజీ తిప్పాడు. అవ్వ, తాత, అమ్మ, తమ్ముడు... ఆ తర్వాత పేజీలో బెండకాయ అచ్చుల పూలచట్రం మధ్యలో, కత్తిరించిన ఆ ముఖం! కింద బడిలో నేర్చిన వంకర టింకర కన్నడ అక్షరాల్లో రాసి ఉంది: 'అప్ప', అంటే నాన్న.

ప్రహ్లాద్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

"ఎవరూ చెప్పలే నాన్నా. నీ ఫోటో ఒక్కటన్నా లేకపాయె. తమ్మునికి అమ్మ పూలజడ ఏస్తే గిట్లనే ఉన్నడు గద? తమ్ముడు అచ్చం నీ లెక్కనే ఉన్నడని అందరంటరు. ఈ చెవి చూడు, పైన మడత ఉన్నది. నీ చెవి గూడ అంతే. గందుకే... ఇది నువ్వే అనుకున్న. తప్పా నాన్నా?"

పంపావతి వంగి చూసింది. పదేళ్ళుగా మొక్కుతున్న ముఖమే అది! ఎప్పుడూ దండ కింద, గంధం బొట్టు వెనక చూసిందే గాని, విడిగా ఎన్నడు చూసింది? ఆ ముడుచుకున్న చెవి... ఆ బెదురు చూపు... "అయ్యో, స్వామీ!" అనుకుంది.

"తప్పు కాదు తల్లీ," అన్నాడు ప్రహ్లాద్. అంతటి మగవాడు, కూతురి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు!

గుమ్మం దగ్గర చప్పుడయింది. సంచీ చేతబట్టుకుని లలితాంబ నిలబడి ఉంది.

"నీకు... నీకు యాదుందా రా?" అని కొడుకును అడిగింది.

"అంత యాదుందమ్మా! లంగా జరీ కాళ్ళకు గీరుకుంటుండె. రాయచూరు టేషన్ రోడ్డుల స్టూడియో. 'స్వల్ప నగు మరీ' అని ఫోటో తీసేటాయన ఒకటే నవ్వమంటుండె. నువ్వు ఆయన ఎనక నిలబడి కొంగు నోట్ల కుక్కుకుని ఏడుస్తుంటివి. నేనెట్ల నవ్వాలె?... మర్నాడు అక్క లంగా పెట్టెలకెళ్ళి నేనే తీసుకొస్తి. 'అమ్మా, నేను అక్కనై తయారైత, నువ్వు ఏడవకు' అంటి. నువ్వు చెంప మీద కొడితివి. వారంల గుండు గీయిస్తివి. అప్పటికెళ్ళి ఒక్క ఫోటో తీపియ్యలే. నీకు అక్క కావాలె, నేను వద్దు అనుకున్న... ముప్పై రెండేండ్లు గదే అనుకున్న అమ్మా!"

లలితాంబ చేతిలో సంచీ జారిపోయింది. ఆ తల్లి కొడుకు పక్కన కుప్పకూలి, తల నేలకు కొట్టుకోబోతే పంపావతి పట్టుకుంది.

"నువ్వు వద్దనా? నువ్వు వద్దనారా కొడకా? నా పాపం నీకేం తెలుసురా!... అది పూలజడ ఏసి ఫోటో తీపియ్యమని పోరు పెట్టింది. మల్లెలు రానీయవే, ఎండాకాలంల తీపిస్త అంటి. మల్లెలు రాకముందే అది పాయె. మల్లెలొచ్చినయి రా... చూసి తట్టుకోలేకపోయిన. నీకింక పుట్టువెంట్రుకలు తీయలే. దాని లంగా కట్టి, జడ కుట్టి తీసుకపోయిన. ఒక్కసారి చూసుకుందమనే అనుకున్న. దాని సంవత్సరీకం నాడు మా వదిన యంకమ్మ వచ్చి, ఆ పటం చూసి, భాగీయే అనుకుని దండ ఏసింది! అది నా కొడుకే, తియ్యి అని పదిమందిల ఎట్ల చెప్పాలె? మీ నాయిన చెప్పిండు, తీసెయ్యవే అని. తీస్తే నా బిడ్డ మళ్ళొకసారి పాయె గదరా... బతికున్న కొడుకు ఫోటోకు దండేసిన పాపిష్టిదాన్ని రా నేను! నీకు జర ఒళ్ళు ఎచ్చబడితే నేనే చంపుకుంటున్న అనుకుంటుంటి. రోజూ గేటు కాడ ఎందుకు నిలబడుతుంటి అనుకున్నవు? నీ మొహానికి దీపం పెట్టి, భాగీ నువ్వన్న నీ తమ్ముణ్ణి కాపాడవే అని మొక్కుతుంటి... దాని మొహమే లేని ఫోటోకు!"

చూశారా, ఒక తల్లి ఎన్నేళ్ళు ఎంత బరువు మోసిందో! ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు. పంపావతికి అన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. ఫోటోలంటే ఆ కోపం, ఎండాకాలంలో ఆ వణుకు, గేటు దగ్గర ఆ కాపలా... ఇన్నాళ్ళూ అత్తగారిది చాదస్తం అనుకుంది తను! లేచి వెళ్ళి, కిటికీలో తీసిపెట్టిన గంధపు చెక్కల దండను కాగితంలో చుట్టి, అటక మీద కనపడకుండా పెట్టేసింది.

ప్రహ్లాద్ తల్లిని పొదివి పట్టుకున్నాడు. "నాకేం కాలేదు గదమ్మా. చూడు. ఇద్దరు బిడ్డల తండ్రినైన."

"అవ్వా," స్ఫూర్తి మెల్లగా పక్కకు చేరింది. ముఖం లేని ఫోటోను చేతిలోకి తీసుకుంది. "మరి గీ లంగా, జడ అత్తవే గదా? నాన్న మొహం నాన్న పేజీల ఉన్నది. గీడ అత్త మొహం నేను గియ్యాల్నా? ఎట్లుండె అత్త?"

లలితాంబ పెదవులు కదిలాయి. ఎవరి ముఖమూ చూడకుండా అంది: "యాదికొస్తలేదు బిడ్డా... వీని మొహమే చూసి చూసి, దాని మొహం మర్చిపోయిన. కన్నతల్లిని, మర్చిపోయిన!"

అంతకన్నా పెద్ద శిక్ష ఏ తల్లికి పడుతుంది! పంపావతి ఇక ఆగలేకపోయింది. చెత్తబుట్ట పక్కన తను పడేసిన మూట విప్పి, రంగు పెన్సిళ్ళు తెచ్చి, చిల్లు వెనక తెల్ల కాగితం పెట్టి, అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, మొహం యాదికి రాకుంటే రాకపాయె. భాగి వదిన ఏం తింటుండె?"

"పటిక బెల్లం... దాచిపెట్టినా దొంగతనంగ తింటుండె."

"తిడితే?"

"తిడితే నవ్వుతుండె. నోరు మూసుకుని నవ్వుతుండె... చెయ్యి అడ్డం పెట్టుకుని..." లలితాంబ చెయ్యి తనకు తెలియకుండానే నోటిమీదికి వెళ్ళింది. "పండ్లు ఊడినయి గదనే! ముందలి పండ్లు రెండు! అందరు ఎక్కిరిస్తరని..."

స్ఫూర్తి పెన్సిల్ కదిలింది. రెండు గుండ్రటి కళ్ళు, ఒక బొట్టు, పెద్ద నవ్వు. ఆ నవ్వులో పైన రెండు పళ్ళు వదిలేసింది. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అయ్యాయి. బొట్టు పక్కకు పోయింది. పిల్లల చేతి బొమ్మ, అంతకన్నా ఏముంటుంది?

లలితాంబ ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుంది. చూసింది... చూస్తూనే ఉంది...

"అవ్... గిట్లనే! గిట్లనే నవ్వుతుండె నా తల్లి! దాని మొహం ఇంకెట్లుంటదే... ఓ భాగీ! వచ్చినవానే!"

ఏడుస్తూనే నవ్వింది. కోడలి తలను దగ్గరకు తీసుకుని, పొద్దున తిట్టిన నోటితోనే నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. మనవరాలి చెంపమీద వాతలు నిమిరి, "నా బంగారం... మీ అమ్మ చెయ్యి గింత కఠినమా?" అంది. పంపావతి తల వంచుకుంది.

ఆ దసరాకు కొత్త అద్దం వేసిన పటం మళ్ళీ గోడెక్కింది. పట్టులంగా, పూలజడ, పళ్ళూడిన బోసినవ్వు. దండ లేదు. ముఖం రాయచూరు స్టూడియోలో తీసింది కాదు, స్ఫూర్తి గీసింది. చుట్టాలు వచ్చి వింతగా చూశారు. "నా బిడ్డ గిట్లనే ఉంటుండె," అని లలితాంబ అందరికీ చెప్పింది. తీసేసిన ముఖం ఎవరిదని అడిగితే, అదీ చెప్పింది.

పండగ నాడు పిల్లల్ని నిలబెట్టి పంపావతి ఫోన్ పట్టుకుంటే, లలితాంబ తనంతట తనే వచ్చింది.

"నన్ను, నా కొడుకును తియ్యి పంపా. ఒక్కటే ఫోటోల."

ప్రహ్లాద్ చిన్నపిల్లాడిలా తల్లి పక్కన కూర్చున్నాడు. "అత్తమ్మా, ఇటు చూడుండ్రి" అని పంపావతి మూడుసార్లు చెప్పింది. ఆమె వినలేదు. చివరికి అలాగే తీసింది.

ఆల్బమ్ చివరి పేజీలో ఉన్నది ఆ ఫోటోనే. అందులో ప్రహ్లాద్ నవ్వుతున్నాడు. లలితాంబ మాత్రం కెమెరా వైపు చూడలేదు, కొడుకు ముఖం వైపే చూస్తోంది.