రెండు కోట్ల మీటర్లలో ఒక జంట

పొద్దున పది గంటలకు కరెంటు ఆఫీసు లిఫ్టు తెరుచుకునేసరికి ఇంజనీరు గోడకి ఆనుకుని కూర్చున్నాడు, కునుకు తీస్తున్నవాడిలా. చుక్క రక్తం లేదు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు మాత్రం ఉంది.

పది నలభైకి, ఆ ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపు పైగదిలో, మీటరు రీడరు వేషంలో ఉన్న ఏజెంట్ డేగ చెవిలో చీఫ్ గొంతు గరగరమంది.

"ఈ మహానగరంలో రెండు కోట్ల కరెంటు మీటర్లున్నాయి. విదేశీ ముఠా వాటిలో రెండింటిని మార్చేసింది. పదకొండుకి ఆ రెండూ కలిసి సిగ్నల్ ఇస్తే గ్రిడ్ మొత్తం పడుకుంటుంది. ఆస్పత్రి జనరేటర్లు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. రెండింటి వైర్లూ ఒకేసారి కొయ్యాలి. ఒకటి మూగబోతే రెండోది ఆ క్షణమే పని కానిచ్చేస్తుంది."

"టీములెన్ని?"

"రెండే."

ఎనిమిదింటి నుంచి డేగ వాళ్లక్క ఆస్పత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉంది, గుండె తెరిచి. అయిదు నిమిషాల్లో వస్తానని బావకి చెప్పి వచ్చాడు.

తలుపు మీద వేలి చప్పుడు. "మీటరు తిరుగుతోందా?" ఆడగొంతు.

"నా తలే తిరుగుతోంది." కోడ్ సరిపోయింది. డేగ గడియ తీశాడు.

నెమలి లోపలికొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఎర్రకోటు. అటు ముఠా దగ్గరా ఇటు వీళ్ల దగ్గరా జీతం తీసుకునే మనిషి. లిప్‌స్టిక్ గొట్టం విప్పి, చుట్టచుట్టిన కాగితం తీసింది. దాని మీద బారెడు నంబరు.

"ఆ రెండు మీటర్ల నంబర్లకీ ఎక్సార్ చేస్తే ఇది వస్తుంది. ఒకే ఒక్క జంట. ఇంజనీరుని ముఠా చంపింది దీనికోసమే."

మూల ల్యాప్‌టాప్ ముందున్న లెక్కల పిన్ని కాగితం లాక్కుంది. డిపార్ట్‌మెంట్లో అందరికీ ఆవిడ పిన్నే.

"ప్రతి మీటరునీ ప్రతి మీటరుతో జతపెట్టి చూడాలా పిన్నీ?"

"అలా చూస్తే నీ మనవళ్లకి పళ్లూడిపోతాయి. నంబరంటే దీపాల వరస అనుకో. రెండు వరసలు పక్కపక్కన పెడితే, తేడా ఉన్నచోట వెలుగు, ఒకేలా ఉన్నచోట చీకటి. అదే ఎక్సార్. ఒక వరసా, ఈ కాగితం మీది తాళం నంబరూ తెలిస్తే, రెండో వరస ఏదో తేలిపోతుంది. నంబర్లన్నీ ఒక డబ్బాలో పోసి, ఒక్కొక్కదాన్నీ 'నీ జతది ఇందులో ఉందా' అని అడగడమే."

పది యాభై ఒకటికి తెర మీద ఒకే ఒక అంకె పడింది. 2.

పిన్ని కోడింగ్ పోటీల్లో ముదిరిన చెయ్యి. ఎన్ని జంటలని అడిగితే అంకె తప్ప అడ్రసు రాసే అలవాటే లేదు.

"రెండు జంటలా? నాలుగు మీటర్లు, రెండు టీములు," డేగ పిస్టల్ నెమలి వైపు తిరిగింది. "ఒకటేనన్నావే."

"ఒకటే. ఆ తుపాకీ దించు."

చెవిలో చీఫ్ అన్నాడు: "తాళం నకిలీది. కాగితం పారెయ్. టీముల్ని వెనక్కి పిలుస్తున్నా."

పది యాభై రెండు. డేగ కళ్ల ముందు ఆపరేషన్ దీపం ఆరిపోతున్నట్టయింది. పిన్ని కుర్చీ పట్టుకున్నాడు.

"పిన్నీ, డబ్బాలో అన్నీ ముందే పోసేశావా? తర్వాత అడిగావా?"

"అవును."

"అయితే మొదటి మీటరుని అడిగితే రెండోది నా జతేనంది. రెండోదాన్ని అడిగితే మొదటిది నా జతేనంది. నువ్వు ఒకే జంటకి రెండుసార్లు గీత పెట్టావు."

పిన్ని నొసలు కొట్టుకుంది. "ముప్ఫై ఏళ్ల సర్వీసు. పసిపిల్లలు చేసే తప్పు. సగం చెయ్యాలిరా నాయనా." వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. రెండు అడ్రసులు పడ్డాయి. ఒకటి పాత గిడ్డంగి, ఇంకొకటి పళ్ల డాక్టరు క్లినిక్.

"చీఫ్, తాళం అసలుదే. పూచీ నాది. పంపండి."

అవతల ఇంజన్ల రొద.

పది యాభై తొమ్మిది. ఒక టీము గిడ్డంగి చేరింది. రెండోది క్లినిక్ మెట్ల మీద ఉంది. యాభై సెకన్లు. యాభై అయిదు. నెమలి కళ్లద్దాలు తీసేసింది. పిన్ని కళ్లు మూసుకుంది. రెండో టీమూ మీటరు ముందుకొచ్చామంది.

"కొయ్యండి," అన్నాడు డేగ.

గదిలో బల్బు ఒక్కసారి మిణుకుమని నిలబడింది. పదకొండూ ఒక సెకను.

ఫోను మోగింది. బావ.

"ఆపరేషన్ అయిపోయింది. మీ అక్క బాగుంది. అయిదు నిమిషాలని చెప్పి ఎక్కడ పడుకున్నావురా?"

"చిన్న పని పడింది బావా."

"పెద్ద పనిమంతుడివి. నువ్వు లేకపోతే ఇక్కడేదో ఆగిపోతుందనుకున్నావా?"